ఎర్ర గ్రహం మీద ఎరుపు కనపడని పిల్లి

పిల్లల కోసం రాసే సైన్స్ ఫిక్షన్‌లో పిల్లి హీరో అయితే, ఆ పిల్లి మొదటి నుంచి చివరిదాకా పిల్లిగానే ఉండాలన్నది నా పట్టుదల. రెండు కాళ్ల మీద నడుస్తూ, మీటలు నొక్కుతూ, 'కెప్టెన్, ప్రమాదం!' అని అరిచే పిల్లి నాకొద్దు. అది తోక తగిలించుకున్న అబ్బాయి, అంతే. పిల్లికి ఉన్న కళ్లు, చెవులు, మీసాలు, నాలుక, నిద్ర, మొండితనం, వీటన్నిటితో అది ఇంకో గ్రహం మీద దిగితే ఏమవుతుందో అదీ అసలు కథ. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ప్రొద్దుటూరులో మా మిద్దె మీద ఆదివారం సాయంత్రాలు వీధి పిల్లలకు ఇలాంటి కథే సీరియల్‌గా చెబుతున్నాను, చెప్పింది చెప్పినట్టు రాసిపెడుతున్నాను కూడా, వేసవి సెలవుల్లో కాలక్షేపానికి మొదలైంది కాస్తా బళ్లు తెరిచాక కూడా ఆగనివ్వడం లేదు వాళ్లు.

ఓడ పేరు 'పెన్న'. పేరు పిల్లలే పెట్టారు. అందులో ముగ్గురు. జొన్నమ్మ అని జొన్నరంగు ముసలి పిల్లి, ఓడకు పెద్ద దిక్కు. బొగ్గు అని కుర్ర నల్ల పిల్లి, ఒక్క చోట నిలవడు. చుక్కి అని తెలుపు, నలుపు, నారింజ కలిసిన మూడు రంగుల పిల్లి. పిల్లికి ఆ మూడు రంగులూ ఉంటే దాదాపు ఎప్పుడూ ఆడదే అయి ఉంటుందని, నారింజ రంగుకు సంబంధించిన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటమే కారణమని చెప్పేసరికి, పిల్లలు కథ మధ్యలో దిగిపోయి వీధిలో ఉన్న పిల్లులన్నిటినీ చూసొచ్చారు. బొగ్గును ఓడ ఎక్కించడానికి మాత్రం పక్కింటి అవ్వ ఒప్పుకోలేదు. "ప్రయాణానికి ముందర నల్ల పిల్లి ఎదురొస్తేనే అరిష్టం, నువ్వు ఏకంగా దాన్ని ఎక్కించుకోని పోతాండావే!" అనింది. ఆ మాటను కథలో అట్లే పెట్టి జవాబు బొగ్గు చేతే చెప్పించాను: "నేను మీకు ఎదురొస్తే మీరు రెండు నిమిషాలు ఆగి పోతారవ్వా. మీరు నాకు ఎదురొస్తే నాకు రాయి దెబ్బ తగులుతుంది. ఎవరికి అరిష్టం?" అవ్వ ఏమీ అనలేదు కానీ, తర్వాతి వారం తనే మెట్లెక్కి వచ్చి కథకు కూర్చుంది.

కుక్కను ఎందుకు పెట్టలేదని మొదట్లోనే ఒకడు అడిగాడు, వాళ్లింట్లో కుక్క ఉంది. కుక్క మనిషి కోసం పోతుంది, పిల్లి తన కోసం పోతుంది, అదీ తేడా. కొత్త ఇంట్లోకి మారినప్పుడు పిల్లిని గమనించండి. నడింట్లోకి నేరుగా రాదు, గోడవారగా నడుస్తుంది, ప్రతి మూలా వాసన చూస్తుంది, ఎక్కడ దూరొచ్చు, ఎక్కడి నుంచి పారిపోవచ్చు అని చూసుకుంటుంది, అదంతా అయ్యాకే ఒక చోటు ఎంచుకుని పడుకుంటుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక ప్రజ్ఞాన్ చేసింది కూడా ఇదే కదా. 26 కిలోల బండి, చంద్రుడి మీద ఒక పగలంతా, అంటే మనకు రెండు వారాల దగ్గర, తిరిగి తిరిగి వంద మీటర్లు దాటింది. దారిలో నాలుగు మీటర్ల వెడల్పున్న గుంత కనపడితే మూడు మీటర్ల దూరంలోనే ఆగి, వెనక్కి తిరిగి, వేరే దారి పట్టింది. నేల మీద లేజర్ కొట్టి అక్కడ గంధకం ఉందని పసిగట్టింది. కొత్త గ్రహానికి పంపాల్సిన లక్షణం ఇదేనని నా నమ్మకం, ధైర్యం కంటే కూడా ఈ అనుమానంతో కూడిన ఆసక్తి. పైగా రోజుకు 12 నుంచి 16 గంటలు హాయిగా నిద్రపోగలిగే జీవికి ఏడు నెలల అంగారక ప్రయాణం ఒక లెక్క కాదు.

అంగారకుడి మీద పెన్న దిగిన రోజు భాగమే నాకు అన్నిటికంటే ఇష్టం. తలుపు తెరుచుకుంది, ముందు చుక్కి బయటికొచ్చింది, అటూ ఇటూ చూసింది. "ఎరుపు యాడుంది?" అనింది.

పిల్లి కంటికి నీలం బాగా కనపడుతుంది, పసుపు పచ్చ కలిసిన రంగులు కొంతవరకు కనపడతాయి, ఎరుపు మాత్రం మనకు కనపడినట్టు కనపడదు, మాసిపోయిన పసుపుగానో బూడిద రంగుగానో ఉంటుంది. మనం ఎర్ర గ్రహం ఎర్ర గ్రహం అని పిలుచుకునే చోటికి మొట్టమొదట వెళ్లిన ప్రాణికి అది ఎర్రగానే లేదు! ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు కాసేపు గమ్మునైపోయారు. అప్పుడు ఏడో తరగతి చదివే అమ్మాయి, వాళ్ల అమ్మమ్మ వాళ్లది అనంతపురం పక్క పల్లె, "అక్కా, అట్లయితే మా అమ్మమ్మ వాళ్ల చేను కూడా పిల్లికి ఎర్రగా కనపడదా? అంత ఎర్ర మట్టి!" అని అడిగింది. కనపడదు. ఆ చేలో పుట్టి, ఆ మట్టిలో పొర్లి, ఆ మట్టిలోనే ఎలకల్ని పట్టి బతికిన పిల్లికి కూడా ఆ ఎరుపు తెలియదు. కానీ సాయంత్రం కాగానే కథ తిరగబడుతుంది. అంగారకుడి గాలిలో తేలే సన్నటి దుమ్ము వల్ల అక్కడ సూర్యాస్తమయం అప్పుడు సూర్యుడి చుట్టూ ఆకాశం నీలంగా కనిపిస్తుంది, రోవర్లు తీసిన ఫొటోలు ఉన్నాయి, చూడండి. నీలం పిల్లికి తెలుసు. పగలంతా ఏమీ బాగాలేదని సణిగిన చుక్కి ఆ సాయంత్రం ఓడలోకి రానని మొండికేసింది. కథలో నేను కల్పించింది పిల్లి మాటలు మాత్రమే, మిగతాదంతా నిజమే. అందుకే ఈ రకం కథలంటే నాకు ఇంత ప్రాణం.

ఇక చప్పుడు సంగతి. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు, పిల్లి దాదాపు 64 వేల దాకా వింటుంది, గోడ లోపల ఎలుక పిల్లల సన్నటి కీచుమాటలు కూడా వింటుంది. ఒక్కో చెవిని తిప్పడానికి ముప్పైకి పైగా కండరాలు. అంత గొప్ప చెవులు వేసుకుని అంగారకుడి మీదకి పోతే అవి దాదాపు పనికిరావు. 2021 ఫిబ్రవరి 18న జెజెరో బిలంలో దిగిన పర్సెవరెన్స్ రోవర్ తన వెంట మైకులు తీసుకెళ్లింది, అక్కడి గాలి హోరును, తన చక్రాల చప్పుణ్ని, ఇంజెన్యుటీ హెలికాప్టర్ రొదను రికార్డు చేసింది. వాటిని పరీక్షించి 2022లో తేల్చిందేమంటే, అక్కడ ధ్వని సెకనుకు సుమారు 240 మీటర్ల వేగంతోనే పోతుంది (మన దగ్గర 340), అదీ కాక ఆ పలచటి గాలిలో 95 శాతం ఉన్న కార్బన్ డయాక్సైడ్ సన్నటి చప్పుళ్లను మింగేస్తుంది. ఇక్కడ 65 మీటర్ల దాకా వినిపించేది అక్కడ 8 మీటర్లకే ఆగిపోతుంది, కీచుగా ఉన్నదైతే ఆ కాస్త దూరం కూడా రాదు. బొగ్గు ఒక బండ అవతల ఇరుక్కుని మ్యావ్‌మని ఎంత మొత్తుకున్నా ముప్పై అడుగుల అవతల ఉన్న జొన్నమ్మకు చేరదు, హెల్మెట్ లేకున్నా సరే.

అప్పుడు ఏం చేయాలి? రేడియో పెట్టేస్తే అయిపోతుంది కదా అని పెద్దవాళ్లు అంటారు. పిల్లలు అట్లా అనలేదు. పెరిగిన పిల్లులు తమలో తాము మ్యావ్ అనడం చాలా తక్కువ, ఆ అరుపు ఎక్కువగా మనుషుల కోసమే. వాటి అసలు మాటంతా తోకలో, చెవుల్లో, కళ్లు నెమ్మదిగా మూసి తెరవడంలో ఉంటుంది. కాబట్టి సూట్‌లో తోక బయటికి కనపడాలి అని తీర్మానించారు. నాలుగో తరగతి వాడొకడు నడుముకు తువ్వాలు కట్టుకుని, కొసకు లోపల గుడ్డపేలిక చుట్టి బరువు పెట్టి, మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతూ తోక భాష మొత్తం తయారుచేశాడు. నిటారుగా లేపి కొస వంచితే 'రా, ఇక్కడ బాగుంది'. అడ్డంగా విదిలిస్తే 'రావద్దు'. రెండు కాళ్ల మధ్యకి దూర్చితే 'నన్ను తీసుకుపో'. ఆ మూడోది చేస్తూ వాడు నిజంగానే బిక్కముఖం పెట్టాడు, మిగతావాళ్లు పరిగెత్తుకెళ్లి వాణ్ని నీళ్లతొట్టి వెనక నుంచి లాక్కొచ్చారు. కథలో బొగ్గును కాపాడింది అచ్చంగా ఆ పద్ధతిలోనే, ఒక్క అక్షరం మార్చలేదు.

సూట్ గురించి మేం చాలా వారాలు వాదించుకున్నాం, ఎందుకంటే సూట్ వేస్తే పిల్లి సగం గుడ్డిది అవుతుంది. మూతికి ఒక్కో పక్క పన్నెండు దాకా మీసాలు, కళ్ల పైన కొన్ని, ముందుకాళ్ల వెనక భాగంలో కూడా కొన్ని. సందులో పడతానా పట్టనా అని చీకట్లో కొలిచేది, గాలి ఎటు కదిలిందో చెప్పేది అవే. వాటిని హెల్మెట్‌లో అదిమేస్తే ఇంకేం తెలుస్తుంది? తీసేస్తే మాత్రం భూమ్మీద గాలి పీడనంలో ఒక్క శాతం కూడా లేని చోట ప్రాణం నిలవదు. చివరికి హెల్మెట్ బయట సన్నటి తీగల మీసాలు, వాటికి తగిలింది లోపలి మీసాలకు అందేలా ఏర్పాటు. ఇది పూర్తిగా కల్పనే, కానీ ఈ సమస్య పిల్లి పిల్లిగా ఉన్నప్పుడే పుడుతుంది. రెండు కాళ్ల పిల్లికి పుట్టదు.

నాలుక మాటకొస్తే, కొత్త గ్రహం మీద పిల్లికి అసలు శత్రువు దాని నాలుకే. బయటి నుంచి వచ్చిన ప్రతి పిల్లీ ముందు ఒళ్లు నాక్కుంటుంది. చంద్రుడి మీద దుమ్మును అరగదీసే గాలీ నీరూ లేవు, కాబట్టి రేణువులు పగిలిన గాజు మాదిరి పదునుగానే మిగిలిపోయాయి. అపోలోలో వెళ్లినవాళ్లు క్యాబిన్‌లోకి వచ్చి సూట్లు విప్పాక ఆ దుమ్ము కాల్చిన తుపాకీ మందు వాసన వచ్చిందని చెప్పారు. అంగారకుడి మట్టి సంగతి ఇంకా ఘోరం, 2008లో ఫీనిక్స్ ల్యాండర్ అందులో పెర్‌క్లోరేట్లు ఉన్నాయని కనిపెట్టింది, అవి థైరాయిడ్‌ను దెబ్బతీసే విషాలు. కాబట్టి పెన్న ఓడలో జొన్నమ్మ పెట్టిన మొదటి నియమం: ఒళ్లు నాక్కోకూడదు. ఇంతకంటే కష్టమైన క్రమశిక్షణ పిల్లి జాతికి ఎవరూ పెట్టి ఉండరు. బొగ్గు ఆ నియమం తప్పబోయిన రాత్రి భాగం చెబుతుంటే మా పిల్లలు "వద్దు, వద్దు" అని అరిచింది కింద వీధిలోకి వినపడింది.

ఇంతదాకా వచ్చాక నిజంగా అంతరిక్షం దాకా వెళ్లొచ్చిన పిల్లి గురించి చెప్పకుండా ఉండలేను. పేరు ఫెలిసెట్. ఫ్రాన్స్ వాళ్లు పద్నాలుగు ఆడపిల్లుల్ని తెచ్చి శిక్షణ ఇచ్చారు, గిరగిరా తిప్పే యంత్రాల్లో కూర్చోబెట్టారు, రొద వినిపించారు, మెదడు ఎలా పనిచేస్తుందో చూడటానికి తలలో ఎలక్ట్రోడ్లు అమర్చారు. 1963 అక్టోబర్ 18న అల్జీరియా ఎడారిలోని హమ్మగిర్ నుంచి వెరోనిక్ రాకెట్ మీద ఫెలిసెట్‌ను పంపారు. సుమారు 157 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది, ఐదు నిమిషాల పాటు బరువు లేని స్థితి అనుభవించింది, పారాచూట్‌తో దిగింది, బతికి వచ్చింది. మొత్తం పావుగంట లోపే. ఆ నెల 24న పంపిన ఇంకో పిల్లి బతకలేదు. ఫెలిసెట్‌ను మాత్రం రెండు నెలల తర్వాత మెదడును పరిశీలించడం కోసం చంపేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు లోకం దాన్ని మర్చిపోయింది, కొన్ని దేశాల స్టాంపుల మీద ఫెలిక్స్ అని మగపిల్లి పేరు కూడా అచ్చేశారు. జనం చందాలు వేసుకుంటే 2019 డిసెంబర్‌లో స్ట్రాస్‌బర్గ్‌లోని అంతర్జాతీయ అంతరిక్ష విశ్వవిద్యాలయంలో కంచు విగ్రహం పెట్టారు. భూగోళం మీద కూర్చుని పైకి చూస్తున్న పిల్లి.

ఒక స్కూల్ వాళ్లు కథ చెప్పమని పిలిచి, ముందే కాగితం అడిగి చదివి, ఈ చంపేసిన ముక్క తీసేయమన్నారు. పిల్లలు బాధపడతారట. నేను తీయనన్నాను, వాళ్లు కథ వద్దన్నారు. మా మిద్దె మీద చెప్పినప్పుడు పిల్లలు బాధపడ్డారు, నిజమే, ఒక పాప ఏడ్చింది కూడా. కానీ ఏడుపు అయ్యాక ఆ పాపే అడిగిన ప్రశ్న నా కథ మొత్తాన్ని మార్చేసింది. "దాన్ని అడిగినారా అక్కా, పోతావా అని?"

ఎవరూ అడగలేదు. దాన్ని అడిగే భాష మనకు లేదు, అది కాదని చెప్పినా మనం వినే రకం కాదు. 1957 నవంబర్‌లో రష్యా వాళ్లు అంతరిక్షంలోకి పంపిన కుక్క లైకానూ అడగలేదు, అది తిరిగి వచ్చే ఏర్పాటే లేదు. అప్పటిదాకా మా కథలో పిల్లుల తెలివి అంటే ఓడ నడపడం, లెక్కలు చేయడం. ఆ రోజు నుంచి తెలివి అంటే రానని చెప్పగలగడం. ఆలోచించి చూస్తే పిల్లికి అంతకంటే సహజమైన తెలివి ఏముంది? తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలుసు, మూతి కాలాక పాలు చూస్తేనే పారిపోయేది. చిన్నప్పుడు మనం రామకృష్ణుడి తెలివికి నవ్వాం కానీ, ఆ పిల్లి రాజుగారి పాలనే వద్దనుకున్న సంగతి ఎవరమూ పట్టించుకోలేదు.

అందుకని మా కథలో ప్రతి ప్రయాణానికీ ముందు పిల్లులకు వివరాలన్నీ చదివి వినిపిస్తారు, వాళ్లు సరేనంటేనే ఓడ కదులుతుంది. శుక్రగ్రహం భాగం అలా అర పేజీలో అయిపోయింది. ఉపరితలం మీద 460 డిగ్రీలకు పైన వేడి, భూమ్మీద కంటే తొంభై రెట్లు గాలి ఒత్తిడి, మేఘాల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లం. జొన్నమ్మ విన్నది, ఆవులించింది, వెనక్కి తిరిగి పడుకుంది. పిల్లలకు మొదట నిరాశే, అక్కడ సూర్యుడు పడమట పొడుస్తాడని వాళ్లకు చూడాలని ఉంది, కానీ ఆ 'రాను' అన్న మాట నిజంగా చెల్లుబాటైందని అర్థమయ్యాక చప్పట్లు కొట్టారు. సాహస కథలో పోకుండా ఉండిపోయినందుకు చప్పట్లు రావడం నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

శిక్షణ కూడా పిల్లులు తమంతట తామే తీసుకుంటాయి, అదీ మన గడ్డ మీదే. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. తెలుగులో పిల్లల సైన్స్ ఫిక్షన్ వచ్చేదే తక్కువ, వచ్చినదాంట్లో కూడా రాకెట్ ఎగిరేది ఎక్కడో మంచు దేశంలో, దిగే హీరో పేరు నోరు తిరగదు. జమ్మలమడుగు దాటి గండికోట అంచున నిలబడి కింద పెన్నను చూసినవాళ్లకు అంగారకుడి లోయ గురించి వేరే చెప్పాలా? అక్కడి వాలెస్ మరినెరిస్ 4,000 కిలోమీటర్ల పొడవు, కొన్ని చోట్ల 7 కిలోమీటర్ల లోతు, కానీ అంచున నిలబడితే కాళ్లలో పుట్టే వణుకు మాత్రం గండికోట దగ్గరే తెలిసిపోతుంది. మా పిల్లులు దూకడం నేర్చుకునేది అక్కడే. అంగారకుడి మీద బరువు ఇక్కడి దాంట్లో 38 శాతమే కాబట్టి దూకితే రెండున్నర రెట్లు ఎత్తుకు పోతాయి, దిగేటప్పుడు గాల్లో తిరిగి కాళ్ల మీద పడటానికి బోలెడు సమయం. పూర్తిగా బరువు లేని చోట మాత్రం పైకేదో కిందకేదో తెలియక ఆ నేర్పు పోతుంది, 1950ల్లో అమెరికా వైమానిక దళం వాళ్లు విమానంలో పిల్లుల్ని వదిలి చూసిన పాత ఫిల్ములు ఉన్నాయి, ఆ పిల్లుల ముఖాలు చూస్తే నాకు కోపం వస్తుంది.

గుహల శిక్షణ కొలిమిగుండ్ల పక్కన బెలుం గుహల్లో. ఇప్పుడది నంద్యాల జిల్లా, మాకు ఇంకా కర్నూలే. 3,229 మీటర్ల పొడవున సున్నపురాయిని నీళ్లు తొలిచిన గుహలు అవి, లోపల ఉక్క, కొన్ని చోట్ల వంగి పోవాలి, సప్తస్వరాల గుహలో రాయిని తడితే ఒక్కోటి ఒక్కో స్వరం పలుకుతుంది. గుహలెందుకంటే, చంద్రుడి మీద శాంతి సముద్రం అనే మైదానంలో వంద మీటర్ల లోతున్న గొయ్యి ఒకటుంది, దాని నీడ భాగంలో ఎప్పుడూ 17 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుందని 2022లో లెక్క తేల్చారు, బయటేమో పగలు 120 దాటుతుంది, రాత్రి మైనస్ 170 దాకా పోతుంది. 2024లో రాడార్ సమాచారం తిరగేసి ఆ గోతి నుంచి లోపలికి గుహ ఉందని కూడా చెప్పారు. వెచ్చగా, చీకటిగా, ఒకే దారి ఉన్న చోటు. పిల్లి ఇంకెక్కడ ఉంటుంది!

అన్నిటికంటే వేంపల్లె రాళ్లు నా గుండెకు దగ్గర. మన కడప జిల్లా వేంపల్లె పేరు మీదే భూగర్భ శాస్త్రంలో ఒక రాతిపొర ఉంది, అందులో స్ట్రొమాటొలైట్లు ఉన్నాయి. తక్కువ లోతు నీళ్ల అడుగున సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టుకుంటూ పోతే, అవి గుమ్మటాల ఆకారంలో రాయిగా మారి మిగిలాయి. వయసు 180 కోట్ల ఏళ్లకు పైమాటే. పర్సెవరెన్స్ జెజెరోలో దిగింది కూడా, ఒకప్పుడు సరస్సుగా ఉన్న ఆ చోట ఇలాంటి గుర్తులేవైనా దొరుకుతాయేమోననే. 2024లో దానికి చిరుతపులి మచ్చలున్న రాయి ఒకటి దొరికింది, ఒకప్పటి సూక్ష్మజీవుల పని అయి ఉండే అవకాశం ఉందని 2025 సెప్టెంబర్‌లో ప్రకటించారు, రుజువైందని మాత్రం అనలేదు. మా కథలో ఆ మచ్చల రాయి దగ్గర చుక్కి చాలాసేపు కూర్చుంటుంది. దాని ఒంటి మీదా మచ్చలే కదా. వేంపల్లె రాళ్ల మీద తిరిగి పెరిగిన పిల్లి కాబట్టే మిగతా ఇద్దరికీ కనపడనిది దానికి కనపడింది. ఈ భాగం చెప్పాక ఒకడు వాళ్ల నాయన బండి మీద వేంపల్లె పోయి ఫోన్ నిండా రాళ్ల ఫొటోలు తీసుకొచ్చాడు. అందులో ఏది ఏమిటో ఇద్దరం కూర్చుని ఇంకా పోల్చుకుంటూనే ఉన్నాం.

తిండి గురించి పెద్ద గొడవే జరిగింది. మాంసం తినని ఇళ్ల పిల్లలు ఓడలో పెరుగన్నం పెట్టాలన్నారు. పిల్లి మాంసం లేకుండా బతకదు, టారిన్ అనే పదార్థం అందకపోతే చూపు పోతుంది, గుండె జబ్బు వస్తుంది. తీపి రుచి దానికి తెలియనే తెలియదు, ఆ రుచి చెప్పే జన్యువు పనిచేయదని 2005లో కనిపెట్టారు, కాబట్టి బెల్లం పాయసం ప్రతిపాదన కూడా వీగిపోయింది. టారిన్‌ను ఫ్యాక్టరీలో తయారుచేసి పిల్లుల మేతలో కలుపుతారని చెప్పాక రాజీ కుదిరింది. శని చందమామ టైటాన్ భాగంలో ఎగరడం, గురుగ్రహం చందమామ యూరోపా మంచు కింద చేపలున్నాయా లేవా అన్న తగువు ఇంకోసారి రాస్తాను, అక్కడికి పోయే నాసా నౌక యూరోపా క్లిప్పర్ 2024 అక్టోబర్ 14న బయల్దేరింది, 2030కి గానీ చేరదు, అప్పటికి మా నాలుగో తరగతి వాడు హైస్కూల్లో ఉంటాడు.

ఇప్పుడు చిక్కంతా నెప్ట్యూన్‌తో వచ్చింది. తుగ్గలిలో మేనత్త ఉన్న పిల్లాడొకడు, తొలకరి పడగానే అక్కడ జనం చేలల్లో తలొంచుకుని వజ్రాలు వెతకడం చూసినవాడు, పిల్లులు వజ్రాలకు పోవాలన్నాడు. యురేనస్, నెప్ట్యూన్ లోపల విపరీతమైన ఒత్తిడికి కార్బన్ వజ్రాలుగా మారి లోలోపలికి కురుస్తుండవచ్చని శాస్త్రవేత్తల అంచనా ఉందని నోరు జారి చెప్పాను, ఇక అంతే, అందరూ నెప్ట్యూన్ నెప్ట్యూన్ అని పట్టుకున్నారు. అయితే అక్కడికి ఇప్పటిదాకా పోయింది వాయేజర్-2 ఒక్కటే, 1977లో బయల్దేరి 1989 ఆగస్టులో దాని పక్క నుంచి పోయింది. పన్నెండేళ్లు! పిల్లి ఆయుష్షు ఇంట్లో బాగా చూసుకుంటే పన్నెండు, పదిహేనేళ్లు. ఎక్కిన పిల్లి చేరేసరికి ముసలిదైపోతుంది. అట్లయితే ఓడలోనే కూనలు పుట్టాలి, పిల్లి రెండు నెలలకే ఈనుతుంది కదా, పెద్ద కష్టం కాదని ఒకడు తేల్చేశాడు.

ఫెలిసెట్ కోసం ఏడ్చిన పాప ఒప్పుకోలేదు. "జొన్నమ్మను అడిగినాము, చుక్కిని అడిగినాము. ఓడలో పుట్టే కూనను ఎవరడిగినారు? అది రానంటే యాడ దించుతావక్కా?"

పోయిన ఆదివారమంతా దీని మీదే సరిపోయింది. ఓడకు రెండో చిన్న ఓడ తగిలించాలని, కూనకు ఊహ వచ్చిన రోజు అడగాలని, వద్దంటే ఎవరో ఒకరు దాన్ని తీసుకుని వెనక్కి రావాలని కొందరు. అప్పుడు వెనక్కి వచ్చే ఆ పెద్ద పిల్లి ఇష్టం సంగతేంటని ఇంకొందరు. చుక్కి అయితే తప్పకుండా వస్తుందని తువ్వాలు తోక వాడి వాదన, బొగ్గును నమ్మలేమట. ఈ భాగం ఇంకా నేను రాయలేదు, వాళ్లు ఒక మాట మీదకి వచ్చాకే రాస్తాను. మీ ఇంట్లో పిల్లలుంటే అడిగి చూడండి, ఏమన్నారో చెప్పండి, మా మిద్దె మీద చదివి వినిపిస్తాను.